కోత చిన్నదైతే సరిపోతుందా?

చీలమండ ఒక్కసారైనా బెణకని మనిషి అరుదు. చింతపండు, ఉప్పు కలిపి ఉడికించి పట్టు వేసి, గుడ్డ చుట్టి, నాలుగు రోజులు కుంటి ఆ సంగతే మరచిపోతాం. అందరి కాళ్లూ అలా మరిచిపోనివ్వవు. బెణికినవాళ్లలో 20 నుంచి 40 శాతం మందికి కాలి మునుపటి నిలకడ పూర్తిగా తిరిగి రాదని వైద్య గ్రంథాలు చెబుతాయి. మెట్టు దిగుతుంటే, గట్టు మీద నడుస్తుంటే, ఒక్కోసారి చదునైన నేల మీదే పాదం లోపలికి మడతపడుతుంది. దీన్ని డాక్టర్లు క్రానిక్ యాంకిల్ ఇన్‌స్టెబిలిటీ అంటారు. వెనకటి రోజుల్లో దీనికి ఆపరేషన్ అంటే చీలమండ బయటి పక్క కోసి తెరవడమే. ఇప్పుడు రెండు మూడు చిన్న రంధ్రాలతో, కెమెరా లోపలికి పంపి చేస్తున్నారు. కోత చిన్నది, కట్టు చిన్నది, ఆసుపత్రిలో ఉండేది ఒకటి రెండు రోజులు. అందుకే ‘చేయించేద్దాం, పోనిద్దూ’ అనే మాట ఇళ్లలో తొందరగా వచ్చేస్తోంది. ఆ తొందర నాకు నచ్చదు. అలాగని ఆ ఆపరేషన్‌ను తక్కువ చేయడమూ నచ్చదు. రెండు పక్షాలూ గట్టిగా వినిపించాలని ఈ సంవాదం రాశాను. మాట్లాడే ఇద్దరూ కల్పిత పాత్రలు, వాళ్లు చెప్పే వైద్యం మాత్రం నిజం.

మేనత్త ఖమ్మంలో ఉంటుంది, ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి రిటైరైంది. మేనల్లుడు హైదరాబాదులో ఆర్థోపెడిక్ సర్జన్, పాదం, చీలమండ ఆపరేషన్లే ఎక్కువ చేస్తాడు. అత్త ఇంటి కింది వాటాలో ఉండే ఇరవై రెండేళ్ల అమ్మాయి కాలేజీలో కబడ్డీ రైడర్, ఇప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. 800 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ ఉన్న ఈవెంట్స్ ఐదు నెలల్లో ఉంటాయని అంటున్నారు. ఏడాదిన్నరగా ఆమె కుడి కాలు మడతపడుతోంది. అత్త పంపిన ఎమ్మారై చూసి మేనల్లుడు ఆపరేషన్ అన్నాడు.

మేనత్త: ఫోన్‌లో ఒక్క మాటలో ఆపరేషన్ అనేశావు. వాళ్లమ్మ అప్పుడే బంగారం తాకట్టు సంగతి మాట్లాడుతోంది. ఏం చూశావురా ఆ ఎమ్మారైలో?

మేనల్లుడు: చూడాల్సిందంతా ఉంది అత్తా. బయటివైపు ఉండే మూడు లిగమెంట్లలో ముందుది, కాలి బయటి ఎముక ఫిబ్యులా కొస నుంచి చీలమండ కింది ఎముక టాలస్‌కు పోయేది, నల్లగా, బిగువుగా కనబడాలి. ఈ అమ్మాయికి అది బూడిద రంగుకు తిరిగి, వంకర్లు పోయి ఉంది. తెగి, సాగిపోయి అతుక్కున్నదన్నమాట. మడమ ఎముకకు దిగే రెండోదీ పలచబడింది. పైగా టాలస్ పైన, లోపలి అంచున, మృదులాస్థి దగ్గర చిన్న మరక ఉంది. పాదం మడతపడ్డ ప్రతిసారీ ఆ అంచు పై ఎముకకు కొట్టుకుంటోంది. ఆర్నెల్లు ఫిజియోథెరపీ అయిందని చీటీలో రాసి ఉంది. ఇంకా ఆగడమెందుకు?

మేనత్త: ఆ ఆర్నెల్లలో ఏం చేశారో చీటీలో ఉందా?

మేనల్లుడు: లేదు.

మేనత్త: నేనడిగాను. మైనం పట్టు, అల్ట్రాసౌండ్, కరెంటు మిషను. అన్నీ పడుకోబెట్టి చేసేవే. చివర్లో రబ్బరు బ్యాండు ఒకటి చేతికిచ్చి ఇంట్లో లాగుతూ ఉండమన్నారు. ఒక్కరోజైనా ఆ పిల్లను కుడికాలి మీద ఒంటిగా నిలబెట్టలేదు, కళ్లు మూసుకోమనలేదు, గెంతించలేదు. నిన్న నేను నిలబెట్టాను. కళ్లు తెరిచి ఉంటే ఫరవాలేదు. మూయగానే రెండు మూడు సెకన్లలో ఎడమకాలు నేలకు ఆనింది. ఎడమకాలి మీదైతే హాయిగా నిలబడింది. వాళ్లు నొప్పికి వైద్యం చేశారు, పట్టుకు చేయలేదు. ఫిజియోథెరపీ పని చేయలేదనకు. అసలు మొదలే కాలేదు.

మేనల్లుడు: ఆ సంగతి నాకు చెప్పినవాళ్లు లేరు. సరే, అదలా ఉంచు. ఎంత బాగా చేయించినా సాగిపోయిన లిగమెంట్ వ్యాయామంతో పొట్టిదవదు కదా?

మేనత్త: అవదు. నేనూ అవుతుందనను. కానీ పొడుగైన లిగమెంట్ ఉన్న ప్రతివాళ్ల కాలూ మడతపడదు, అది నువ్వూ చూసి ఉంటావు. ఎక్స్‌రేలో కీలు తెరుచుకుంటున్నా ఏ ఇబ్బందీ లేనివాళ్లున్నారు. కీలు గట్టిగానే ఉండి, రోజూ కాలు పట్టు తప్పేవాళ్లూ ఉన్నారు. ఈ వింత సంగతిని 1965లోనే ఫ్రీమన్ అనే ఇంగ్లీషు సర్జన్ పట్టుకున్నాడు. సర్జనే, నా వర్గం మనిషి కాదు. లిగమెంట్‌లోనూ కీలు పొరలోనూ ఉన్న నరాల కొసలు పాదం ఏ కోణంలో ఉందో వెన్నుపాముకు చెబుతుంటాయి, బెణుకులో అవీ తెగుతాయి, అందుకే పాదం ఎక్కడుందో కాలికి సరిగా తెలియదు అన్నాడు. ఊగే పలక మీద నిలబెట్టి శిక్షణ ఇప్పించినవాళ్లలో కాలు పట్టు తప్పడం బాగా తగ్గిందని చూపించాడు. మేం ఇవాళ వాడే బ్యాలెన్స్ బోర్డులు ఆ దారిలో వచ్చినవే.

మేనల్లుడు: ఫ్రీమన్ చెప్పిన నరాల కొసల సంగతి మీద తర్వాత చాలా ప్రశ్నలొచ్చాయి అత్తా. లిగమెంట్ దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. అక్కడి స్పర్శ పోయినా మనిషి నిలకడ పెద్దగా చెడలేదు. నరాల కొసలు ఒక్కటే కారణమైతే చెడాలి కదా.

మేనత్త: కారణం ఆయన అనుకున్నంత తిన్నగా లేకపోవచ్చు. శిక్షణ పనిచేస్తుందన్నది మాత్రం నిలబడింది. ఎందుకు పనిచేస్తుందో నా లెక్క చెబుతాను విను. పాదం లోపలికి మడతపడటం సెకనులో పదో వంతు లోపే అయిపోతుంది. దాన్ని ఆపాల్సినవి పిక్క బయటి పక్కన ఉండే పెరోనియల్ కండరాలు. వాటికి కబురు అంది అవి కదలడం మొదలుపెట్టడానికే 60 మిల్లీసెకన్ల పైన పడుతుంది. బలం పుంజుకోవడానికి ఇంకా టైము కావాలి. అప్పటికి గాయం అయిపోయి ఉంటుంది. అందుకని పాదం నేలను తాకక ముందే ఆ కండరాలు బిగిసి సిద్ధంగా ఉండాలి. తిరిగి తిరిగి చేయిస్తే వచ్చేది ఆ ముందస్తు బిగువే. రైడ్‌కు వెళ్లి గీత దాకా కాలు చాచే పిల్లకు అది ప్రాణం. లిగమెంట్‌ను ఎంత బిగించినా అది రాదు.

మేనల్లుడు: ఇందులో నాకు పేచీ లేదు. ఆపరేషన్ తర్వాత మేమూ అదే చేయిస్తాం.

మేనత్త: తర్వాత చేయించేదేదో ముందే ఓ పన్నెండు వారాలు చేయించి చూడొచ్చు కదా అంటున్నాను. 2011లో కోక్రేన్ సంస్థ వాళ్లు ఈ జబ్బుకు ఉన్న వైద్యాలన్నిటి మీదా వచ్చిన పరీక్షలను కలిపి చూశారు. శిక్షణతో కొద్దికాలంలో మేలు కనబడుతోందన్నారు. ఆపరేషన్లలో ఫలానాదే మంచిదని చెప్పడానికి ఆధారం చాలదన్నారు. ఆపరేషన్ అయినవాళ్లలో కూడా ఆరు వారాలు కట్టులో బిగించి పెట్టినవాళ్లకంటే తొందరగా కదలించినవాళ్లే ముందు పనిలోకి వెళ్లారన్నారు. చూశావా, అక్కడ కూడా నా పనే గెలిచింది.

మేనల్లుడు: అది పాత లెక్క. అప్పటికి చిన్న రంధ్రాల్లోంచి, అంటే కీహోల్‌లో, లిగమెంట్ కుట్టడం ఇంకా పాకుతున్న దశలో ఉంది. ఆ కథ కొంచెం చెప్పనీ, నాకిష్టమైన కథ. 1931లో మైకేల్ బర్మన్ అనే అమెరికన్ డాక్టర్ శవాల కీళ్లన్నిటిలోకీ స్కోప్ పంపి చూశాడు. మోకాలు, భుజం బాగున్నాయన్నాడు. చీలమండ దగ్గరికొచ్చేసరికి ఇది మరీ ఇరుకు, దీనికి పనికిరాదు అని తేల్చేశాడు. చాలాకాలం ఎక్కువగా అదే మాట చెల్లింది. 1972లో టోక్యోలో మసాకి వతనబె 28 చీలమండల్లోకి చూసి వచ్చాడు. ఇవాళ నాలుగు మిల్లీమీటర్ల స్కోప్, అంతకన్నా సన్నదీ, లోపలికి పోతాయి. పాదాన్ని పైకి మడిస్తే ముందుపక్క జాగా దానంతటదే తెరుచుకుంటుందని తెలిశాక కాలిని బలంగా లాగిపట్టే అవసరమూ తగ్గింది.

మేనత్త: లోపలికి వెళ్లడం గొప్పే. వెళ్లాక ఏం చేస్తారు?

మేనల్లుడు: పెద్ద కోతలో చేసేదే. 1966లో స్వీడన్‌లో లెనార్ట్ బ్రోస్ట్రమ్ చెప్పిన ఊహ చాలా తేలికైనది. పాత బెణుకులో లిగమెంట్ మాయమైపోదు. సాగి, మచ్చపడి, అక్కడే ఉంటుంది. దాన్నే కురచ చేసి కుట్టేయండి అన్నాడు. అంతకుముందు వాట్సన్-జోన్స్, ఎవాన్స్ లాంటివాళ్లు పెరోనియస్ బ్రెవిస్ కండరం తాడును తీసి ఎముకల్లో దూర్చి కట్టేవాళ్లు.

మేనత్త: కాపలా ఉండాల్సిన కండరాన్నే తీసి కట్లు కట్టడం! ఆ ఆపరేషన్లయినవాళ్లను నేను నడిపించాను. కాలు మడతపడటం ఆగింది, మడమ పక్కలకు తిరగడమూ ఆగింది. గుంటల దారిలో, పొలం గట్ల మీద వాళ్ల నడక చూస్తే బాధేసేది.

మేనల్లుడు: అందుకే బ్రోస్ట్రమ్ నిలిచాడు. 1980లో గూల్డ్ దానికి పక్కనున్న రెటినాక్యులం అనే పొరను కూడా లాగి కుట్టి బలం చేర్చాడు. మేం ఇప్పుడు చేసేది ఇదే. ఫిబ్యులా కొసలో ఒకటో రెండో చిన్న యాంకర్లు దిగ్గొడతాం. వాటికున్న దారాలను పాత లిగమెంట్ ముక్కలోంచి, ఆ పొరలోంచి తీసి, పాదాన్ని సరైన కోణంలో పట్టుకుని ముడివేస్తాం. చర్మం మీద మూడు చోట్ల అరంగుళానికి లోపు గాట్లు. నొప్పి తక్కువ, మచ్చ కనబడదు, బరువు వేయడమూ తొందరగా మొదలవుతుంది.

మేనత్త: రెండేళ్ల తర్వాత?

మేనల్లుడు: నిజం చెప్పాలంటే పెద్ద కోతకూ దీనికీ రెండేళ్ల తర్వాత తేడా పెద్దగా లేదు. పోల్చి చూసినవాళ్లు చాలామంది అదే చెప్పారు. తేడా మొదటి వారాల్లోనే.

మేనత్త: మరి చిన్న రంధ్రం, చిన్న రంధ్రం అని అంత ఊదరగొట్టడం ఎందుకు? చర్మం మీద గాటు చిన్నదే. లోపల ఎముకకు రంధ్రం పడుతుంది, ముడి పడుతుంది, మానడానికి పట్టే కాలం మారదు. ఆపరేషన్ చిన్నది కదా అని ఆరు వారాలకే పరుగు మొదలుపెట్టి మళ్లీ బెణికించుకున్నవాళ్లు నా దగ్గరికొచ్చారు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పి పక్కకు తప్పుకుంటాను. చిన్న కోత మీద మనకున్న మోజు నిష్కారణమేమీ కాదు. కూలికో, చిన్న కొట్టుకో వెళ్లే మనిషికి పది రోజులు ముందు నడవడమంటే పది రోజుల సంపాదన. దాన్ని తక్కువగా చూసే హక్కు నాకు లేదు. అయితే ఆపరేషన్ అవసరమా అన్న ప్రశ్నకు ‘కోత చిన్నదే కదా’ అన్నది జవాబు కాదు. అవసరమని తేలాక, ఎలా చేయించుకోవాలి అన్నప్పుడు మాత్రమే ఆ మాట పనికొస్తుంది. ఈ రెండు ప్రశ్నలూ కలిసిపోయిన చోటే జనం మోసపోతున్నారు.

మేనల్లుడు: గాటు సంగతి వదిలేయ్. కీహోల్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది లోపల కళ్లారా చూడగలగడం. బయట కోసి లిగమెంట్ కుట్టేవాళ్లు కీలు లోపల ఏముందో చూడకుండానే మూసేసేవాళ్లు. లిగమెంట్ గట్టిపడ్డా నొప్పి పోలేదని ఎంతమంది తిరిగొచ్చారో! లోపల మృదులాస్థి లేచిపోయి ఉంటుంది, తెగిన ముక్క తిరుగుతూ ఉంటుంది, మచ్చకట్టిన పొర ముందుపక్క ఇరుక్కుంటూ ఉంటుంది. ఈ అమ్మాయికి టాలస్ మీద మరక ఉంది, అది మరిచిపోకు. మోకాలు వయసుతో అరుగుతుంది. చీలమండ అరుగుదల మటుకు చాలావరకు పాత గాయాల నుంచే వస్తుంది. నువ్వు బోర్డు మీద ఆడిస్తూ మూడు నెలలు ఆపితే, ఆ మూడు నెలల్లో మడతపడ్డ ప్రతిసారీ దెబ్బ ఆ మరక మీదే పడుతుంది. నలభై ఏళ్లకు ఆ పిల్ల కుంటుతూ వస్తే ఇద్దరం ఏం చెబుతాం?

మేనత్త: ఇది గట్టి మాట. దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. అయితే ఒకటి అడుగుతాను. పరుగు అయ్యాక కీలు లోతుగా నొప్పి పెడుతోందా, ఉబ్బుతోందా, పట్టేస్తోందా అని ఆ పిల్లను అడిగావా?

మేనల్లుడు: ఆమెతో మాట్లాడలేదు, బొమ్మలే చూశాను.

మేనత్త: నేనడిగాను. మడతపడ్డ రోజు తప్ప నొప్పి లేదంది, వాపు లేదంది. ఎమ్మారైలో మరక ఉన్నంత మాత్రాన అది జబ్బయిపోదు. ఎముకకు తగిలిన దెబ్బ కమిలినట్టు కనపడి మెల్లగా పోయేదీ ఉంటుంది. ఆడే పిల్లలను వరసగా నిలబెట్టి ఎమ్మారై తీస్తే ఎంతమందికి మరకలుంటాయో నీకు తెలుసు. మూడు నెలలూ మడతపడనివ్వను కూడా. లేసులు బిగించే బ్రేస్ వేయిస్తాను. ఒకసారి బెణికినవాళ్లకు బ్రేస్ వేస్తే మళ్లీ బెణకడం తగ్గుతుందని మీవాళ్లే రాశారు. ఇంకో సంగతి. నువ్వు కీలు లోపలికే చూస్తావు. పెరోనియల్ కండరాల తాళ్లు కీలు బయట, ఫిబ్యులా వెనక ఉంటాయి. అవి నిలువునా చీలి ఉంటే నీ స్కోప్ వాటిని చూడదు.

మేనల్లుడు: చూడదు. దానికి వేరే పరీక్ష చేయాలి. ఎమ్మారైలో వాటి చుట్టూ నీరు లేదు కానీ, అల్ట్రాసౌండ్‌లో కదిలిస్తూ చూస్తే నయం. ఈ పాయింట్ నీదే.

మేనత్త: నరం సంగతి కూడా చెప్పు. వాళ్లమ్మకు ఎవరూ చెప్పరు.

మేనల్లుడు: చెబుతాను, దాచేదేం లేదు. బయటివైపు రంధ్రం పెట్టే చోటికి దగ్గర్లో సూపర్‌ఫిషియల్ పెరోనియల్ నరం కొమ్మలు పోతాయి. చీలమండ ఆర్థ్రోస్కోపీలో దెబ్బ తగిలే నరం ఎక్కువగా అదే. దారం చర్మం కింద నుంచి తీసేటప్పుడు ముడిలో చిక్కుకునే ప్రమాదమూ ఉంది. చిక్కితే పాదం పైన తిమ్మిరి, మంట. అందుకే మత్తివ్వకముందే నాలుగో వేలిని కిందికి వంచి, పాదాన్ని లోపలికి తిప్పితే, ఆ నరం చర్మం కింద సన్నటి గీతలా తేలుతుంది. ఒంట్లో ఇలా కంటికి కనబడే నరం ఇదొక్కటే అంటారు. పెన్నుతో గీసుకుని దాన్ని తప్పించి రంధ్రం పెడతాం. కుట్లన్నీ కెమెరా కింద చూస్తూ లోపల్నుంచే వేసే పద్ధతిలో ఈ భయం ఇంకా తగ్గుతుంది.

మేనత్త: మడమకు దిగే రెండో లిగమెంట్? అది కీలు బయట కదా ఉండేది. నువ్వు ముందుదాన్ని బిగించి వచ్చేస్తే దాని గతేం కావాలి?

మేనల్లుడు: మంచి ప్రశ్న. మాలో మాకే దాని మీద గొడవలున్నాయి. మొదటిదాని కింది పాయకూ రెండోదానికీ మధ్య కలిపే పోగులున్నాయని ఈమధ్య శవాల మీద విడదీసి చూసినవాళ్లు చూపించారు. ముందుదాన్ని ఎముకకు దగ్గరగా లాగితే ఆ పోగుల ద్వారా రెండోదీ కొంత బిగుస్తుందని మా నమ్మకం. రెండూ పూర్తిగా పోయినవాళ్లకు, ఒంట్లో కీళ్లన్నీ వదులుగా ఉన్నవాళ్లకు, బరువు ఎక్కువున్నవాళ్లకు ఉత్త కుట్టు చాలదు. దాని మీదుగా గట్టి టేపు వేయడమో, తొడ వెనక నుంచి సన్నటి తాడు తీసి కొత్త లిగమెంట్ కట్టడమో చేయాలి.

మేనత్త: ఆ పిల్లకు బొటనవేలు ముంజేతికి ఆనదు, మోచేయి వెనక్కి వంగదు. ఒళ్లు వదులు కాదు. అది నీకు అనుకూలమే.

మేనల్లుడు: అదే కదా! కుర్రది, సన్నది, కీళ్లు బిగువైనవి, లిగమెంట్ ముక్క మిగిలి ఉంది. కీహోల్ బ్రోస్ట్రమ్‌కు ఇంతకన్నా తగిన కాలు దొరకదు. ఇవాళ చేస్తే రెండు వారాలు కట్టు, ఆరు వారాల దాకా బూటు, మూడో నెలలో పరుగు, నాలుగు నెలలు దాటాక గెంతడం. ఈవెంట్స్ అందుకోవచ్చు. నీ పన్నెండు వారాల శిక్షణ చేయించి, అది ఫలించక అప్పుడు నా దగ్గరికి పంపితే ఈ నోటిఫికేషన్ పోయినట్టే. మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? వయసు ఆగుతుందా?

మేనత్త: అంతా అనుకున్నట్టు జరిగితే అందుతుంది. నాలుగు నెలలకు గెంతడం మొదలుపెట్టిన పిల్ల ఐదో నెలలో పోటీ గెంతు గెంతాలి. పిక్క సన్నబడి ఉంటుంది, గుండెలో భయం ఉంటుంది. నేను పన్నెండు వారాలు చేయిస్తే పరుగు ఆగదు, కండ తగ్గదు, బ్రేస్‌తో ఈవెంట్స్‌కు వెళ్తుంది. ఉద్యోగం వచ్చాక కూడా కాలు మడతపడుతుంటే అప్పుడు నువ్వు కుట్టు. ఇంకోటి, మనవాళ్లు నేల మీద బాసింపట్టు వేసి కూర్చుంటారు. ఆ కూర్చోవడంలో పాదం ఎటు మడుస్తాం? నువ్వు కుట్టిన లిగమెంట్‌ను లాగే వైపుకే. మీ అధ్యయనాలు కుర్చీల దేశాలవి.

మేనల్లుడు: అక్కడ మాత్రం ఒప్పుకోను అత్తా. ఈ ఆపరేషన్ మీద కొరియా, జపాన్, చైనా నుంచి బోలెడన్ని అధ్యయనాలొచ్చాయి. కొరియాలో, జపాన్‌లో నేల మీద కూర్చోవడం ఇప్పటికీ ఉన్నదే. కుదిరేదాకా బాసింపట్టు వద్దంటాం. ఆ తర్వాత కూర్చుంటారు.

మేనత్త: సరే, అది వెనక్కి తీసుకుంటాను. కానీ కుదిరేదాకా వద్దని డిశ్చార్జి కాగితంలో తెలుగులో రాయించు. భోజనానికి కూర్చోవడం, పూజకు కూర్చోవడం కూడా బాసింపట్టేనని వాళ్లకు తట్టదు.

మేనల్లుడు: రాయిస్తాను.

మేనత్త: ఇక నన్ను నిజంగా ఆపుతున్న సంగతి చెబుతాను. ఇంతసేపూ లిగమెంట్ గురించే మాట్లాడుకున్నాం. ఆ పిల్లను చెప్పుల్లేకుండా ఎదురుగా నిలబెట్టి చూశాను. మామూలుగా ముందు నుంచి చూస్తే మడమ కనబడకూడదు. కుడిపాదం లోపలి పక్క మడమ మెత్త తొంగి చూస్తోంది. వెనక్కి తిరగమన్నాను. మడమ లోపలికి ఒరిగి ఉంది. అరికాలి వంపు కూడా ఎత్తు. ఎడమకాలు అంత లేదు.

మేనల్లుడు: ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు, అందులో ఇది తేలదు. నిలబెట్టి ఎక్స్‌రే తీశారా?

మేనత్త: తీయలేదు. ఏడాదిన్నరలో ఇద్దరు ముగ్గురు డాక్టర్లు చూశారు, ఎవరూ నిలబెట్టలేదు. రాట పాతిన గుంతే ఒక పక్కకు వాలి ఉంటే, పందిరి తాడు ఎంత బిగించి కట్టినా నాలుగు గాలులకు మళ్లీ వదులవుతుంది. మడమ అలా ఒరిగి ఉంటే అడుగడుగుకూ బరువు బయటి అంచు మీదే పడుతుంది. కెమెరా పెట్టి ఎంత అందంగా కుట్టినా ఆ కుట్టు సాగుతుంది.

మేనల్లుడు: నిజమే. మడమ ఒరిగినవాళ్లకు లిగమెంట్ ఒక్కటే కుడితే విఫలమవుతుందని మా పాఠాల్లోనే ఉంది. ఒరుగు గట్టిగా ఉంటే మడమ ఎముకను కోసి సరిచేయాలి, డ్వయర్ 1959లో చెప్పిన పద్ధతి ఉంది. ముందు పాదం కిందికి దిగి ఉండటం వల్ల మడమ ఒరిగితే దారి వేరు. దానికి చెక్క పెట్టి చూడాలి. పాదం బయటి అంచు కింద, మడమతో సహా, రెండున్నర సెంటీమీటర్ల మందం చెక్క పెట్టి, బొటనవేలి వైపు కిందికి జారనిచ్చి, వెనక నుంచి చూస్తాం. మడమ నిటారుకు వస్తే తప్పు ముందు పాదంలో ఉందన్నమాట. రాకపోతే మడమలోనే.

మేనత్త: చెక్క మా ఇంట్లో లేదు, నీ దగ్గరుంటుంది.

మేనల్లుడు: అయినా నీ శిక్షణ కూడా ఆ ఒరుగును సరిచేయదు కదా అత్తా. నువ్వు పన్నెండు వారాలు ఆడించినా రాట అక్కడే, ఆ వాలులోనే ఉంటుంది.

మేనత్త: సరిచేయదు. కొద్దిపాటి ఒరుగైతే చెప్పులో బయటి అంచు ఎత్తు చేసి మెత్త వేస్తే చాలామందికి సాగిపోతుంది. ఎక్కువ ఒరుగైతే శిక్షణా చాలదు, నీ మూడు రంధ్రాలూ చాలవు. అందుకే ఫోన్‌లో ఆపరేషన్ అనకు అంటున్నాను.

మేనల్లుడు: నా మాట నేను పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. కీలు ఎంత తెరుచుకుంటోందో నేను స్వయంగా చేత్తో లాగి చూడాలి. పాదం ముందుకు జారడం ఎడమదానికన్నా బాగా ఎక్కువుండి, మడమ నిటారుగానే ఉంటే, నేను కుట్టమనే చెబుతాను. వాళ్ల ముందు నువ్వు వద్దంటే నేను వాదిస్తాను.

మేనత్త: వాదించు. ఆ పిల్ల వినాలి ఇద్దరి మాటా. కాలు ఆమెది, పరీక్షా ఆమెదే. కానీ ఆపరేషన్ అయినా కాకపోయినా ఒంటికాలి శిక్షణ రేపటి నుంచే మొదలుపెడుతున్నాను. కుట్టినా కుట్టకపోయినా అది వృథా పోదు. ఆపరేషన్‌కు ముందు బలం పెంచుకున్న కాలు తర్వాత తొందరగా తేరుకుంటుంది.

మేనల్లుడు: దానికి నేనూ సరే. గెంతులు మాత్రం నేను చూసేదాకా వద్దు, టాలస్ మీద మరక సంగతి తేలనీ. పరుగు కూడా మెత్తటి నేల మీదే, బ్రేస్‌తో.

మేనత్త: ఒప్పుకున్నాను. ఎప్పుడు తీసుకురమ్మంటావు?

మేనల్లుడు: శనివారం నేనే ఖమ్మం వస్తాను. రెండు పాదాలకూ నిలబెట్టి ఎక్స్‌రే తీయించి ఉంచు. వెనక నుంచి మడమ వంపు తెలిసే వ్యూ కూడా కావాలని చీటీ మీద రాసి పంపిస్తాను, లేకపోతే మామూలువే తీసి ఇస్తారు. పెరోనియల్ తాళ్లకు అల్ట్రాసౌండ్ హైదరాబాదులో చేయిద్దాం. అన్నట్టు, ఆ అమ్మాయి ప్రాక్టీసుకు వేసుకునే బూట్లు కూడా తెమ్మను. కుడి బూటు అడుగు బయటి అంచున ఎంత అరిగిందో చూడాలి.